రెండు నగరాల మధ్య విమాన దూరం, ప్రయాణ సమయం: లెక్క ఎక్కడ తేడా కొడుతుంది

లండన్ నుంచి న్యూయార్క్ ఎంత దూరమని వెతికితే ఒకచోట 5,570 అని ఉంటుంది, ఇంకోచోట 5,540, మరోచోట 5,554. ఇంకొన్నిచోట్ల 3,442 అని, 2,991 అని కూడా కనిపిస్తుంది. అయిదూ సరైనవే. మొదటిది ఊరి నడిబొడ్డు నుంచి ఊరి నడిబొడ్డుకి, కిలోమీటర్లలో. రెండోది హీత్రో విమానాశ్రయం నుంచి జేఎఫ్‌కే విమానాశ్రయానికి, భూమిని నున్నటి బంతి అనుకుని వేసిన లెక్క. మూడోది అవే రెండు విమానాశ్రయాలకి, భూమి ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుపోయి ఉందన్న సంగతి కూడా కలుపుకుని వేసింది. నాలుగోది రెండోదాన్నే మైళ్లలో చెప్పడం, అయిదోది నాటికల్ మైళ్లలో చెప్పడం.

దూరం గొడవ ఇంతటితో తేలిపోతుంది. ఏది ఎక్కణ్ణుంచి ఎక్కడికి, ఏ కొలతలో అని అడిగితే చాలు. ప్రయాణ సమయం అంత తేలిగ్గా లొంగదు. అదే విమానం, అదే దారి, అయినా వెళ్లేటప్పుడు ఎనిమిది గంటలు, వచ్చేటప్పుడు ఏడు. అందులో గాల్లో ఉన్నది ఎంత, నేల మీద పాకింది ఎంత, టైమ్‌టేబుల్లో ముందుజాగ్రత్తకని కలిపింది ఎంత అనేది విడదీసి చూస్తే తప్ప అర్థం కాదు. ముందు దూరం సంగతి ముగించి, అటు వెళ్దాం.

దూరం లెక్క

కావలసినవి నాలుగు అంకెలు: రెండు చోట్ల అక్షాంశం, రేఖాంశం. హీత్రోకి 51.4700 ఉత్తరం, 0.4543 పడమర. జేఎఫ్‌కేకి 40.6398 ఉత్తరం, 73.7789 పడమర. పడమర, దక్షిణం అయితే అంకె ముందు మైనస్ గుర్తు పెట్టాలి. సొంతంగా స్ప్రెడ్‌షీట్‌లో లెక్క వేసుకునేవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. ఒకటి తూర్పు, ఒకటి పడమర అయినప్పుడు మైనస్ మరిచిపోతే విమానం భూమికి ఇంకోవైపు తేలుతుంది.

లెక్క పేరు హేవర్‌సైన్. అక్షాంశాల తేడాలో సగం తీసుకుని, దాని సైన్ కట్టి, వర్గం చేయాలి. మన ఉదాహరణలో తేడా 10.8302 డిగ్రీలు, సగం 5.4151, సైన్ వర్గం 0.0089. తర్వాత రేఖాంశాల తేడాలో సగానికీ అదే పని. తేడా 73.3246, సగం 36.6623, సైన్ వర్గం 0.3565. ఈ రెండో అంకెని రెండు అక్షాంశాల కోసైన్లతో గుణించాలి. 0.6229, 0.7588తో గుణిస్తే 0.1685 వస్తుంది. రెండూ కలిపితే 0.1774. దానికి వర్గమూలం 0.4212. దాని ఆర్క్‌సైన్ రేడియన్లలో (డిగ్రీలకి బదులు కోణాన్ని కొలిచే ఇంకో కొలత) 0.4348. దాన్ని రెట్టింపు చేసి, భూమి సగటు వ్యాసార్ధం 6,371తో గుణిస్తే 5,540 కిలోమీటర్లు. ఫోన్‌లోని క్యాలిక్యులేటర్‌ని అడ్డం తిప్పితే వచ్చే సైంటిఫిక్ కీలు దీనికి చాలు.

స్ప్రెడ్‌షీట్‌లో వేస్తే మాత్రం సైన్, కోసైన్ ఫంక్షన్లు డిగ్రీలు తీసుకోవు, రేడియన్లే తీసుకుంటాయి. ప్రతి అంకెనీ ముందు రేడియన్స్ ఫంక్షన్‌లోంచి పంపాలి. ఇది మరిచిపోయినా ఏదో ఒక అంకె వస్తుంది. తప్పు అంకె కూడా చూడ్డానికి బుద్ధిగానే ఉంటుంది కాబట్టి పట్టుకోవడం కష్టం. ఇంకో పొరపాటు డిగ్రీలు, నిమిషాల దగ్గర. 17 డిగ్రీల 14 నిమిషాలు అంటే 17.14 కాదు, 17.233. నిమిషాలని 60తో భాగించి కలపాలి. ఇక్కడ అలా తప్పితే సుమారు పది కిలోమీటర్ల తేడా వస్తుంది.

వచ్చిన జవాబు నమ్మొచ్చా లేదా అని చూసుకోవడానికి రెండు మూడు ఆనవాళ్లు ఉన్నాయి. ఒక డిగ్రీ అక్షాంశం ఎక్కడైనా సుమారు 111 కిలోమీటర్లు. ఒక డిగ్రీ రేఖాంశం భూమధ్యరేఖ దగ్గర అంతే, 60వ అక్షాంశం దగ్గరికి వచ్చేసరికి సగం. భూమ్మీద ఏ రెండు చోట్ల మధ్యా అతి దగ్గరి దారి సుమారు 20,000 కిలోమీటర్లకి మించదు. అంతకన్నా పెద్ద అంకె వచ్చిందంటే లెక్క ఎక్కడో జారినట్టే. అక్షాంశ రేఖాంశాల్లో దశాంశం తర్వాత రెండు అంకెలు ఉంటే చాలు. 0.01 డిగ్రీ అంటే కిలోమీటరు పైచిలుకు. విమాన ప్రయాణానికి అంతకన్నా సూక్ష్మం ఎందుకూ పనికిరాదు.

భూమి నున్నటి గోళం కాదు. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6,378 కిలోమీటర్లు, ధ్రువాల దగ్గర 6,357. దాన్ని లెక్కలోకి తీసుకునే విన్సెంటీ సూత్రం 1975 నాటిది, ఇప్పటికీ చాలాచోట్ల వాడుకలో ఉంది. హేవర్‌సైన్‌కి, దానికి మధ్య తేడా అర శాతం లోపే. లండన్-న్యూయార్క్‌కి 14 కిలోమీటర్లు, అంటే విమానానికి ఒక్క నిమిషం. విన్సెంటీకి ఒక బలహీనత ఉంది: రెండు ఊళ్లూ భూగోళం మీద దాదాపు సరిగ్గా ఎదురెదురుగా ఉంటే లెక్క తేలకుండా అక్కడక్కడే తిరుగుతుంది. మామూలు అవసరానికి హేవర్‌సైన్ చాలు. విమానం పదకొండు కిలోమీటర్ల ఎత్తున ఎగురుతుంది కదా, దూరం పెరగదా అని కొందరికి సందేహం. పెరుగుతుంది, 0.17 శాతం. ఇదే దారిలో అది పది కిలోమీటర్లకి లోపే.

ఇక కొలతలు. మైలు 1.609 కిలోమీటర్లు, నాటికల్ మైలు సరిగ్గా 1.852 కిలోమీటర్లు. పైలట్లు, ఏటీసీ (నేల మీంచి విమానాల రాకపోకలని నడిపించే కేంద్రం) వాడేది నాటికల్ మైలు. వేగం చెప్పే నాట్ అంటే గంటకి ఒక నాటికల్ మైలు. ఎక్కడైనా దూరం పక్కన వట్టి అంకె ఉండి కొలత లేకపోతే ఆ పేజీని పక్కన పెట్టేయండి.

ఊరి పేర్ల విషయంలోనూ జాగ్రత్త అవసరం. సిడ్నీ ఆస్ట్రేలియాలోనే కాదు, కెనడాలోనూ ఉంది. సాన్ హోసే కోస్టారికాలో ఉంది, కాలిఫోర్నియాలోనూ ఉంది. బర్మింగ్‌హామ్ ఇంగ్లండ్‌లోనూ ఉంది, అమెరికాలోని అలబామాలోనూ ఉంది. పేరు చూసి కాకుండా మూడక్షరాల విమానాశ్రయ కోడ్ చూసి వెతకాలి. అందులోనూ ఒక మెలిక ఉంది. కొన్ని కోడ్‌లు ఊరంతటికీ కలిపి ఉంటాయి. లండన్ మొత్తానికి ఎల్‌ఓఎన్, అందులో హీత్రోకి ఎల్‌హెచ్‌ఆర్, గాట్విక్‌కి ఎల్‌జీడబ్ల్యూ. ఊరి కోడ్‌తో వెతికితే మీకు ఏ విమానాశ్రయం తగులుతుందో టికెట్ మీద చూసేదాకా తెలియదు.

మ్యాప్ మీద వంకర, భూమి మీద తిన్నన

సీటు ముందున్న తెరమీద విమానం దారి ఉత్తరానికి వంగి కనిపిస్తే, ఎందుకిలా చుట్టూ తిరుగుతోంది అనిపిస్తుంది. వంకర మ్యాప్‌లో ఉంది, దారిలో లేదు. మాడ్రిడ్, న్యూయార్క్ రెండూ దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి, 40.5 డిగ్రీల దగ్గర. మ్యాప్‌లో గీత గీస్తే పడమరకి తిన్నగా పోవాలి. ఆ అక్షాంశం వెంబడే పోతే సుమారు 5,930 కిలోమీటర్లు. అతి దగ్గరి దారిలో పోతే 5,760. ఈ దగ్గరి దారి మధ్యలో 46 డిగ్రీలు దాటి ఉత్తరానికి ఎక్కుతుంది. 170 కిలోమీటర్లు, అంటే పదకొండు నిమిషాలు మిగిలాయి. గోళాకారపు గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించి పట్టుకుంటే ఈ దారి వెంటనే కనబడుతుంది. ఊళ్లు ధ్రువాలకి ఎంత దగ్గరగా, తూర్పు పడమరలుగా ఎంత దూరంగా ఉంటే ఈ లాభం అంత పెరుగుతుంది. భూమధ్యరేఖ మీది రెండు ఊళ్లకి ఇది సున్నా.

ఇప్పుడు సమయం

దూరాన్ని గంటకి 800తోనో, 900తోనో భాగించి ఫ్లైట్ టైమ్ అని రాసేసే పేజీలు బోలెడు. దూర ప్రయాణాలకి అది ఫర్వాలేదు. దగ్గరి ఊళ్లకి ఘోరంగా తప్పుతుంది. కారణం, విమానం పూర్తి వేగంతో పోయేది మధ్య భాగంలోనే.

ఆ పూర్తి వేగం ఎంత? జెట్ విమానాల వేగాన్ని మ్యాక్‌లో చెబుతారు, అంటే ధ్వని వేగంలో ఎన్నో వంతు అని. ప్రామాణిక వాతావరణంలో పదకొండు కిలోమీటర్ల ఎత్తున ఉష్ణోగ్రత మైనస్ 56.5 డిగ్రీలు, అక్కడ ధ్వని వేగం గంటకి సుమారు 1,062 కిలోమీటర్లు. ఎయిర్‌బస్ ఏ320, బోయింగ్ 737 లాంటివి మ్యాక్ 0.78 దగ్గర పోతాయి, అంటే 830 కిలోమీటర్లు. బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఏ350 లాంటి పెద్దవి 0.85 దగ్గర, అంటే 900. ఏటీఆర్ 72 లాంటి ప్రొపెల్లర్ విమానం 500 చుట్టుపక్కల. ఇవన్నీ గాలితో పోల్చితే ఉండే వేగాలు. నేలతో పోల్చితే వేగం ఎంతన్నది గాలి తేలుస్తుంది, దాని దగ్గరికి వస్తాను.

35,000 అడుగులకి ఎక్కడానికి ఇరవై నుంచి ఇరవై అయిదు నిమిషాలు పడుతుంది. చాలా దేశాల్లో 10,000 అడుగుల కింద 250 నాట్లు మించకూడదన్న నిబంధన ఉంది, కాబట్టి మొదటి నిమిషాలు నెమ్మదిగానే సాగుతాయి. దిగేటప్పుడు పైలట్లు నోటి లెక్క ఒకటి వాడతారు: ప్రతి వెయ్యి అడుగులకి మూడు నాటికల్ మైళ్లు. 35,000 అడుగుల నుంచి అయితే 105 నాటికల్ మైళ్లు, సుమారు 195 కిలోమీటర్ల ముందే దిగడం మొదలుపెట్టాలి. ఎక్కడం, దిగడం రెండూ కలిపి చూస్తే పూర్తి వేగంతో పోయినదాని కన్నా పావుగంట అదనంగా పోతుంది. దానికి తోడు గేటు దగ్గర వెనక్కి నెట్టడం, రన్‌వే దాకా పాకడం, వరసలో ఆగడం పదిహేను ఇరవై నిమిషాలు. దిగాక గేటుకి చేరడం అయిదు నుంచి పది. మొత్తం నలభై నిమిషాలు దూరంతో సంబంధం లేకుండా ప్రతి ప్రయాణానికీ పడే పన్ను.

ఇక విమానం అతి దగ్గరి దారిని తు.చ. తప్పకుండా పట్టుకుని పోదు. టేకాఫ్ అయ్యాక నిర్ణీత మలుపులు తిరగాలి, దిగే ముందు రన్‌వేకి వరస కట్టాలి, మధ్యలో ఏటీసీ చెప్పిన దారులు పట్టాలి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో తన కార్బన్ లెక్కల్లో దీనికి ఒక సులువైన సవరణ వాడుతుంది: 550 కిలోమీటర్ల లోపు దూరానికి 50 కలపాలి, 550 నుంచి 5,500 దాకా 100, ఆపైన 125. ఇంటి లెక్కకి కూడా ఇదే వాడుకోవచ్చు.

కాబట్టి సూత్రం ఇది: అతి దగ్గరి దూరానికి ఐకావో సవరణ కలిపి, విమానం వేగంతో భాగించి, నలభై నిమిషాలు చేర్చాలి. 500 కిలోమీటర్ల ప్రయాణానికి 550ని 830తో భాగిస్తే నలభై నిమిషాలు, పైన ఇంకో నలభై, మొత్తం గంటా ఇరవై. సగటు వేగం గంటకి 375 కిలోమీటర్లే! 1,000 కిలోమీటర్లకి సరిగ్గా రెండు గంటలు. 10,000 కిలోమీటర్లకి పెద్ద విమానంలో పన్నెండు గంటలకి అయిదు నిమిషాలు తక్కువ, సగటు 840. దూరం ఇరవై రెట్లు పెరిగితే సమయం తొమ్మిది రెట్లే పెరిగింది.

దగ్గరి ఊళ్లకి ప్రొపెల్లర్ విమానం అనగానే మొహం చిట్లించేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూడాలి. 300 కిలోమీటర్లకి జెట్‌కి గంటా అయిదు నిమిషాలు పడితే ఏటీఆర్‌కి పట్టేది గంటా పన్నెండు. అది అంత ఎత్తుకి ఎక్కదు కాబట్టి దాని పన్ను కూడా ముప్పై నిమిషాల దగ్గరే ఆగుతుంది. ఏడు నిమిషాల కోసం జెట్ వెతకడం వృథా. 800 కిలోమీటర్లు దాటితే మాత్రం జెట్టే.

గాలి లెక్క

పడమర నుంచి తూర్పుకి పోయే విమానం తొందరగా చేరడానికి కారణం భూమి తిరగడం అని చాలామంది అనుకుంటారు. నిజానికి తూర్పుకే తిరిగే భూమి నుంచి తూర్పుకి పోతే, ఆ వాదన ప్రకారం గమ్యం పారిపోతూ ఉండాలి, ఆలస్యం కావాలి. గాలి కూడా భూమితో పాటే తిరుగుతుంది కాబట్టి భ్రమణం నేరుగా చేసేదేమీ లేదు. చేసేది జెట్ స్ట్రీమ్. ఉత్తర, దక్షిణ గోళాలు రెండింటిలోనూ సమశీతోష్ణ ప్రాంతాల మీద తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకి వీచే సన్నటి గాలి ప్రవాహం ఇది. వేగం గంటకి 150, 200 కిలోమీటర్లు మామూలే, చలికాలంలో 300 కూడా దాటుతుంది. సరిగ్గా విమానాలు ఎగిరే ఎత్తు అదే.

లండన్-న్యూయార్క్ దారికి మన సూత్రం పెట్టి చూద్దాం. 5,540కి 125 కలిపితే 5,665. పడమరకి పోయేటప్పుడు సగటున 80 కిలోమీటర్ల ఎదురుగాలి అనుకుంటే నేలతో పోల్చిన వేగం 820. ఆరు గంటల యాభై అయిదు నిమిషాలు, పైన నలభై, మొత్తం ఏడు గంటల ముప్పై అయిదు. వచ్చేటప్పుడు అదే గాలి తోడైతే 980. అయిదు గంటల నలభై ఏడు, పైన నలభై, ఆరు గంటల ఇరవై ఏడు. తేడా గంటా ఎనిమిది నిమిషాలు. టైమ్‌టేబుళ్లలో కనిపించే తేడా కూడా గంట చుట్టుపక్కలే.

పోయేటప్పుడు పోయింది, వచ్చేటప్పుడు తిరిగొస్తుంది, లెక్క సరికి సరి అనుకుంటే పొరపాటు. 5,540 కిలోమీటర్లకి గాలి లేకపోతే 900 వేగంతో రానూపోనూ 12 గంటల 19 నిమిషాలు. 100 కిలోమీటర్ల గాలి ఉంటే పోను 6:55, రాను 5:32, మొత్తం 12:28 దాకా. తొమ్మిది నిమిషాలు నష్టం. ఎదురుగాలిలో గడిపే సమయం ఎక్కువ, తోడుగాలిలో గడిపేది తక్కువ కాబట్టి ఎప్పుడూ నష్టమే మిగులుతుంది. పక్కగాలి మాత్రం అంతగా బాధించదు. 900తో పోయే విమానానికి సరిగ్గా అడ్డంగా 100 కిలోమీటర్ల గాలి వీస్తే వేగం 894కి తగ్గుతుంది, అంతే.

2020 ఫిబ్రవరిలో తుపాను గాలుల తోడుతో బ్రిటిష్ ఎయిర్‌వేస్ వారి బోయింగ్ 747 విమానం ఒకటి న్యూయార్క్ నుంచి లండన్‌కి 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. నేలతో పోల్చితే ఒక దశలో గంటకి 1,300 కిలోమీటర్లు దాటింది. ధ్వని కన్నా వేగంగా పోయిందని అప్పట్లో కొందరు రాశారు. లేదు, చుట్టూ ఉన్న గాలితో పోల్చితే అది తన మామూలు వేగంలోనే ఉంది. నిజంగా ధ్వనిని దాటి పోయిన కాంకార్డ్ ఇదే దారిలో 1996లో 2 గంటల 53 నిమిషాల్లో చేరింది.

గాలి దారిని కూడా మారుస్తుంది. ఉత్తర అట్లాంటిక్ మీద విమానాలకి రోజూ కొత్తగా దారులు గీస్తారు, ఆ రోజు గాలిని బట్టి. తూర్పుకి పోయేవాటిని జెట్ స్ట్రీమ్‌లోకి నెడతారు, పడమరకి పోయేవాటిని దానికి దూరంగా జరుపుతారు. అందుకే ఒక్కోరోజు విమానం రెండు మూడు వందల కిలోమీటర్లు ఎక్కువ తిరిగినా తొందరగా చేరుతుంది. దూరం తక్కువ ఉన్న దారే సమయం తక్కువ పట్టే దారి అన్న నియమం ఆకాశంలో చెల్లదు.

దారి మూసుకుపోతే

గాలి నిమిషాలతో ఆడుకుంటే రాజకీయాలు గంటలతో ఆడుకుంటాయి. హెల్సింకి నుంచి టోక్యోకి అతి దగ్గరి దూరం సుమారు 7,800 కిలోమీటర్లు, దాదాపు అంతా రష్యా మీదుగానే. 2022 ఫిబ్రవరి దాకా ఆ ప్రయాణం తొమ్మిది గంటలు. ఐరోపా విమానాలకి రష్యా గగనతలం మూసుకుపోయాక ఫిన్లాండ్ విమాన సంస్థ ఫిన్‌ఎయిర్ ఉత్తర ధ్రువం మీదుగానో, దక్షిణంగా మధ్య ఆసియా మీదుగానో చుట్టి పోవాల్సి వచ్చింది, పదమూడు గంటల దగ్గరికి చేరింది. ఊళ్లు కదల్లేదు, దూరం చూపించే పేజీల్లో ఇప్పటికీ 7,800 అనే ఉంటుంది. ఒకే రెండు ఊళ్ల మధ్య ఒక సంస్థ విమానానికీ ఇంకో సంస్థ విమానానికీ రెండు మూడు గంటల తేడా కనిపిస్తే, ముందు అనుమానించాల్సింది దీన్నే: ఒకరికి తెరిచి ఉన్న ఆకాశం ఇంకొకరికి మూసి ఉండొచ్చు.

రెండు ఇంజన్ల విమానాలకి ఇంకో కట్టుబాటు ఉంది. ఒక ఇంజన్ ఆగిపోతే మిగిలిన దానితో దగ్గరి విమానాశ్రయానికి చేరాలి. మామూలుగా అది 60 నిమిషాల దూరంలో ఉండాలి, ప్రత్యేక అనుమతితో 120, 180, 330 నిమిషాలు, ఏ350కి అయితే 370 దాకా పొడిగించారు. ఉత్తర అట్లాంటిక్ మీద దీనివల్ల దారి పెద్దగా వంగదు. దక్షిణ పసిఫిక్ లాంటి, కనుచూపు మేరలో విమానాశ్రయం లేని చోట వంగుతుంది.

టికెట్ మీది సమయం దేనికి?

టికెట్ మీద రాసే బయలుదేరే సమయం టేకాఫ్‌ది కాదు, గేటు వదిలే సమయం. చేరే సమయం కూడా చక్రాలు నేలకి తాకే సమయం కాదు, గేటు దగ్గర ఆగే సమయం. ఈ మొత్తాన్ని బ్లాక్ టైమ్ అంటారు. ఎయిర్‌లైన్లు దీనికి మీద ఇంకొంచెం కలుపుతాయి. అమెరికాలో గేటుకి చేరే సమయం పదిహేను నిమిషాల లోపు దాటితే సమయానికి చేరినట్టే లెక్క. ఆ లెక్క బాగుండాలంటే టైమ్‌టేబుల్లో కాస్త జాగా ఉంచుకోవడమే తేలిక. ఏడు గంటల ముప్పై అయిదు అని మనం కట్టిన ప్రయాణానికి టైమ్‌టేబుల్లో ఎనిమిది గంటలని ఉండటం అందుకే. పైలట్ "అరగంట ముందే దిగుతున్నాం" అని ప్రకటించడం వెనక చాలాసార్లు గాలి కన్నా ఈ జాగాదే ఎక్కువ పాత్ర.

రద్దీ ఉన్నచోట ఆ జాగా అంతా ఖర్చయిపోతుంది కూడా. దిగడానికి వరస ఉంటే విమానాలు ఆకాశంలో కోలగా చక్కర్లు కొడతాయి, ఒక్కో చుట్టుకి సుమారు నాలుగు నిమిషాలు. హీత్రో చుట్టూ ఇలాంటి చోట్లు నాలుగు ఉన్నాయి: బోవింగ్‌డన్, లాంబోర్న్, ఓకమ్, బిగ్గిన్. ఫ్లైట్ ట్రాకర్‌లో విమానం బొమ్మ గుండ్రంగా తిరుగుతుంటే కంగారు పడక్కర్లేదు, చుట్లు లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే ఆలస్యం తెలుస్తుంది. నేలమీద దూరం కూడా తక్కువేం కాదు. ఆమ్‌స్టర్‌డామ్ స్కిపోల్‌లో పోల్డర్‌బాన్ అనే రన్‌వే టెర్మినల్‌కి ఎంత దూరమంటే, దిగాక గేటుకి చేరడానికే పావుగంట దాకా పడుతుంది.

గడియారాల గొడవ

టికెట్ మీద రెండు సమయాలూ ఏ ఊరివి ఆ ఊరి సమయాలే. తీసివేత చేసేముందు రెండింటినీ యూటీసీలోకి, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలోకి మార్చండి, పొరపాటు పడే వీలుండదు. న్యూయార్క్‌లో రాత్రి 7 గంటలకి బయలుదేరి లండన్‌లో మర్నాడు ఉదయం 7కి చేరితే పన్నెండు గంటలు కాదు. చలికాలంలో లండన్ సమయం యూటీసీయే, న్యూయార్క్ సమయం దానికి అయిదు గంటలు వెనక, అంటే బయలుదేరింది యూటీసీ అర్ధరాత్రి, చేరింది 7కి. ప్రయాణం ఏడు గంటలు.

తేదీరేఖ దాటే ప్రయాణాల్లో ఈ పద్ధతి ఇంకా అవసరం. టోక్యోలో సోమవారం సాయంత్రం 5కి బయలుదేరితే యూటీసీ ఉదయం 8. పది గంటల ప్రయాణం తర్వాత యూటీసీ సాయంత్రం 6, లాస్ ఏంజెలెస్‌లో చలికాలపు సమయం ప్రకారం అదే సోమవారం ఉదయం 10. బయలుదేరకముందే చేరినట్టు కనిపిస్తుంది. తిరుగు ప్రయాణంలో సోమవారం పగలు 11కి బయలుదేరితే టోక్యో చేరేది మంగళవారం మధ్యాహ్నం పొద్దు వాలాక. టికెట్ మీద చేరే సమయం పక్కన చిన్నగా ఉండే ప్లస్ 1 ఇదే, హోటల్ బుక్ చేసేముందు దాన్ని చూసుకోవాలి.

సంవత్సరంలో రెండుసార్లు ఇంకో తంటా ఉంది. అమెరికాలో గడియారం మార్చి రెండో ఆదివారం ముందుకి జరుపుతారు, బ్రిటన్‌లో మార్చి చివరి ఆదివారం. 2026లో ఆ తేదీలు మార్చి 8, మార్చి 29. మధ్య మూడు వారాలు లండన్-న్యూయార్క్ తేడా అయిదు గంటలకి బదులు నాలుగే. శరదృతువులో అక్టోబర్ 25 నుంచి నవంబర్ 1 దాకా మళ్లీ అదే కథ. విమాన సంస్థల వేసవి, చలికాలం టైమ్‌టేబుళ్లు కూడా మార్చి, అక్టోబర్ నెలల చివరి ఆదివారాలకే మారతాయి. అందుకని జనవరిలో చూసిన సమయాలు ఏప్రిల్ ప్రయాణానికి పనికిరావు.

ఏ అవసరానికి ఏది చూడాలి

ఊరికే తెలుసుకోవడానికైతే దూరం పేజీ చాలు. ఎవరినైనా విమానాశ్రయంలో కలుసుకోవాలన్నా, తర్వాతి విమానం పట్టుకోవాలన్నా టైమ్‌టేబుల్ చూడాలి. నిజంగా ఎంతసేపు పడుతోందో కావాలంటే ఫ్లైట్‌రాడార్24, ఫ్లైట్అవేర్ లాంటి ట్రాకర్లలో అదే ఫ్లైట్ నంబరుతో గత వారం రోజుల ప్రయాణాలు చూడొచ్చు. ఒక్క రోజుది చూసి తేల్చకండి, గాలి రోజూ మారుతుంది. ఏడు రోజుల్లో అతి తక్కువదీ అతి ఎక్కువదీ చూడండి. ట్రాకర్ చూపించేది టేకాఫ్ నుంచి ల్యాండింగ్ దాకా ఉన్న సమయమా, గేటు నుంచి గేటు దాకానా అన్నది కూడా గమనించాలి, రెండింటికీ అరగంట తేడా ఉంటుంది.

టికెట్ వెతికేటప్పుడు డైరెక్ట్ అన్న మాట దగ్గర ఆగి చూడండి. నాన్‌స్టాప్ అంటే మధ్యలో ఎక్కడా దిగదు. డైరెక్ట్ అంటే ఫ్లైట్ నంబరు మారదు, అంతే. మధ్యలో ఒక ఊళ్లో దిగి, గంటా రెండు గంటలు ఆగి మళ్లీ ఎగరొచ్చు. దూరం లెక్కకి పొంతన లేకుండా సమయం ఎక్కువగా కనిపిస్తే, ఫ్లైట్ వివరాల్లో స్టాప్‌ల సంఖ్య ఉందేమో తెరిచి చూడండి. కనెక్షన్ ఉంటే ప్రతి అంచెకీ ఆ నలభై నిమిషాల పన్ను విడిగా పడుతుంది, దూరం కూడా రెండు ముక్కలుగా కట్టి కలపాలి. మధ్య ఊరు దారికి అడ్డంగా ఎంత పక్కకి ఉందో ఆ రెండు ముక్కల మొత్తమే చెప్పేస్తుంది: నేరు దూరం కన్నా పది శాతం లోపు ఎక్కువైతే మంచి కనెక్షనే, ముప్పై శాతం దాటితే ఇంకో ఊరి మీదుగా వెతకండి.